ఎగరకముందే పొంచి ఉన్న ప్రమాదం

ఇంజినీరింగ్ కాలేజీల్లో టెక్నికల్ ఫెస్టులు జరిగే రోజుల్లో మోడల్ విమానం ఎగరేస్తున్నారంటే చాలు, మైదానమంతా అక్కడికే చేరుతుంది. బ్యాటరీతో నడిచేవాటి కంటే ఇంధనంతో నడిచే ఇంజిన్ ఉన్నవాటికి ఆకర్షణ ఎక్కువ. ఆ చప్పుడు, ఆ పొగ, కాలిన ఆముదం వాసన కుర్రాళ్లను దగ్గరికి లాగుతాయి. ఇంజిన్ అందుకోగానే ఫోన్లు పైకి లేస్తాయి. విమానానికి ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని వీడియో తీసేవాళ్లు కొందరు, పక్కనే వంగి చూసేవాళ్లు కొందరు. వాళ్లను వెనక్కి జరగమని గట్టిగా చెప్పే పెద్దమనిషి మాత్రం చాలాచోట్ల కనిపించడు.

ఈ నిర్లక్ష్యం ఏదో ఒక రోజు ఒక విద్యార్థి వేళ్లనో, కంటినో, ప్రాణాన్నో బలి తీసుకుంటుంది. డ్రోన్ల గురించి ప్రభుత్వాలు, పత్రికలు, కాలేజీలు రోజూ మాట్లాడుతున్నాయి. ఎన్‌సీసీ వైమానిక విభాగంలో, కాలేజీల ఏరోమోడలింగ్ బృందాల్లో, నగరాల్లోని ఔత్సాహికుల చేతుల్లో నడుస్తున్న ఇంధన ఇంజిన్ల గురించి ఎవరూ మాట్లాడటం లేదు. ఈ ఇంజిన్లతో వచ్చే ప్రమాదాలన్నీ దశాబ్దాలుగా అందరికీ తెలిసినవే, వాటి నివారణా తెలిసినదే. ఆ పని ఎవరి బాధ్యతో తేల్చకపోవడమే అసలు లోపం.

ముందుగా ఈ యంత్రం ఏమిటో చూద్దాం. మోడల్ విమానాల్లో ఎక్కువగా కనిపించేది గ్లో ఇంజిన్. 1947 ప్రాంతంలో అమెరికాలో రే ఆర్డెన్ గ్లో ప్లగ్‌ను వాడుకలోకి తెచ్చాక ఈ అభిరుచి ప్రపంచమంతా పాకింది. ప్లగ్‌లో సన్నటి ప్లాటినం తీగ చుట్ట ఉంటుంది. ఒకటిన్నర వోల్టుల బ్యాటరీతో దాన్ని ఎర్రగా కాల్చి ఇంజిన్‌ను అందుకునేలా చేస్తారు. ఆ తర్వాత బ్యాటరీ తీసేసినా మెథనాల్ ఆవిరి తగిలి తీగ వేడి తగ్గకుండా ఉంటుంది. ఇంధనంలో ప్రధాన భాగం మెథనాల్. దానికి ఆముదమో కృత్రిమ నూనెనో దాదాపు ఐదో వంతు కలుపుతారు. ఎక్కువ శక్తి కావాలనుకుంటే నైట్రోమీథేన్ చేరుస్తారు. ఆరున్నర సీసీ ఇంజిన్ అరచేతిలో ఇమిడిపోతుంది, కానీ ఒక హార్స్‌పవర్ దాకా శక్తినిస్తుంది. పెద్ద మోడళ్లకు యాభై సీసీ పెట్రోల్ ఇంజిన్లూ ఉన్నాయి. చూడటానికి చిన్నది కాబట్టి దెబ్బ కూడా చిన్నదే అనుకోవడంతోనే ప్రమాదం మొదలవుతుంది.

పది అంగుళాల ప్రొపెల్లర్ నిమిషానికి 12,000 చుట్లు తిరుగుతోందనుకుందాం. అంటే సెకనుకు 200 చుట్లు. లెక్క కడితే రెక్క కొస వేగం గంటకు దాదాపు 575 కిలోమీటర్లు. చెయ్యి తగిలిన మనిషి ఉలిక్కిపడి వెనక్కి లాక్కోవడానికి సెకనులో ఐదో వంతు పడుతుంది. ఆ వేగంతో తిరిగే ప్రొపెల్లర్‌కు అది నలభై చుట్ల సమయం. పైగా అంత వేగంలో రెక్కలు కంటికి ఆనవు. పలుచటి మసక తప్ప అక్కడ ఏమీ లేనట్టే ఉంటుంది. రెక్కల కొసలకు తెలుపో పసుపో రంగు వేయాలని అనుభవజ్ఞులు చెప్పేది అందుకే.

గాయాలకు ఎక్కువ ఆస్కారం విమానం గాల్లో ఉన్నప్పటి కంటే నేల మీద ఉన్నప్పుడే. ఇంజిన్ అందుకున్న ఆ అర నిమిషాన్ని దగ్గరగా చూడండి. ప్లగ్ మీద బ్యాటరీ క్లిప్ ఇంకా ఉంది, దాన్ని తీయాలి. నీడిల్ వాల్వ్ తిప్పి ఇంధనం పాళ్లు సరిచేయాలి. ఆ రెండూ ప్రొపెల్లర్‌కు నాలుగు వేళ్ల దూరంలోనే ఉంటాయి. ఇంజిన్‌ను తిప్పిన కుర్రాడు ముందువైపే కూర్చుని ఉంటాడు. లేచి రెక్కల వెనక్కి రావడానికి బద్ధకించి, తిరుగుతున్న ప్రొపెల్లర్ మీదుగానే చెయ్యి చాస్తాడు. మెడలో కాలేజీ ఐడీ కార్డు తాడు ముందుకు వేలాడుతూ ఉంటుంది. అమ్మాయిలైతే చున్నీ, చలికాలమైతే స్వెట్టర్ చేతులు. అదే సమయంలో పక్కవాడి చేతిలోని ట్రాన్స్‌మిటర్‌కు మోచెయ్యి తగిలి థ్రాటిల్ పైకి జరిగిందంటే విమానం ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. ఈ మొత్తంలో ఎవరూ పెద్ద తప్పేదీ చేయలేదు. చిన్న చిన్న అలవాట్లన్నీ ఒకచోట కలిశాయి, అంతే.

ఆ అలవాట్లను మార్చడానికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. వేలితో ప్రొపెల్లర్ తిప్పడం మానాలి. ఇంజిన్ ఒక్కోసారి వెనక్కి తంతుంది, ఆ దెబ్బకు వేలి ఎముక విరుగుతుంది. ఎలక్ట్రిక్ స్టార్టర్ లేకపోతే రబ్బరు గొట్టం తొడిగిన కర్ర చాలు. కళ్లకు రక్షణ అద్దాలు, చేతికి దళసరి తోలు గ్లౌజు ఉండాలి. మెడలోని తాళ్లు, చున్నీలు తీసి పక్కన పెట్టాలి. విమానాన్ని ఒకరు వెనకనుంచి గట్టిగా పట్టుకోవాలి, లేదా మేకు పాతి తాడుతో కట్టాలి. ఇంజిన్ అందుకున్నాక క్లిప్ తీయడం, నీడిల్ తిప్పడం అన్నీ ప్రొపెల్లర్ వెనకవైపు నుంచే జరగాలి. ప్రొపెల్లర్ తిరిగే వరుసలో, అంటే దానికి సరిగ్గా పక్కన, ఎవరూ నిలబడకూడదు. రెక్క ముక్క ఊడితే సూటిగా వెళ్లేది ఆ వైపే. చిన్న గాటు పడిన ప్రొపెల్లర్‌ను కూడా విరిచి పారేయాలి. జిగురు పెట్టి అతికించి వాడటం ప్రాణాలతో చెలగాటం. పెట్రోల్ ఇంజిన్‌కు బయటికి కనిపించేలా ఇగ్నిషన్ స్విచ్ ఉండి తీరాలి. స్విచ్ ఆపేశాక కూడా ప్రొపెల్లర్ దగ్గర చెయ్యి పెట్టేటప్పుడు ఇంజిన్ ఏ క్షణాన్నైనా అందుకుంటుందన్న ఎరుక ఉండాలి.

ఇక ఇంధనం. దీని గురించి మన విద్యార్థులకు ఎవరూ సరిగా చెప్పడం లేదన్నది మా ఆందోళన. 2024 జూన్‌లో తమిళనాడులోని కళ్లకురిచ్చిలో కల్తీ సారా తాగి అరవై మందికి పైగా చనిపోయారు. అక్కడ ప్రాణాలు తీసిన మెథనాలే ఈ ఇంజిన్ల ప్రధాన ఇంధనం. అది ఒంట్లోకి వెళ్లాక ఫార్మిక్ ఆమ్లంగా మారి కంటి నరాన్ని దెబ్బతీస్తుంది. రెండు చెంచాల మోతాదు చూపు పోగొట్టగలదు, అంతకు కొంచెం ఎక్కువైతే ప్రాణమే పోవచ్చు. చర్మం గుండా, ఆవిరి రూపంలో కూడా ఒంట్లోకి చేరుతుంది. మొదట్లో మామూలు మత్తు తప్ప ఏమీ తెలియకపోవచ్చు. అసలు లక్షణాలు పన్నెండు గంటల తర్వాతో, మర్నాడో బయటపడతాయి. అందుకే పొరపాటున మింగినవారిని "బాగానే ఉన్నాడు కదా" అని ఇంట్లో ఉంచుకోకూడదు. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లి, తాగింది మెథనాల్ అని డాక్టర్‌కు స్పష్టంగా చెప్పాలి. విరుగుడు ఉంది, సమయానికి అందితేనే పనిచేస్తుంది.

మన ఇళ్లలో పెట్రోల్, కిరోసిన్, యాసిడ్ ఏదైనా సరే ఖాళీ నీళ్ల సీసాలోనో కూల్ డ్రింక్ సీసాలోనో పోసి మూలన పెట్టడం మామూలే. మోడల్ ఇంధనం విషయంలో ఇది క్షమించరాని తప్పు. కొన్ని ఇంధనాలకు రంగు కూడా కలుపుతారు, షర్బత్‌లా ఉంటాయి. హాస్టల్ గదిలో మంచం కింద అలాంటి సీసా ఉందంటే రాత్రి దాహమేసిన రూమ్‌మేట్ ప్రాణం దాని మూతలో ఉన్నట్టే. ఇంధనం దాని సొంత డబ్బాలోనే, "విషం, మండే ద్రవం" అని తెలుగులో కూడా రాసి, తాళం వేసిన చోట ఉండాలి. రసాయనాల దుకాణంలో విడివిడిగా కొని ఇంట్లోనో హాస్టల్లోనో కలుపుకోవడం పూర్తిగా మానాలి.

మెథనాల్ మంట తీరు మరీ ప్రమాదకరం. ఎండలో అది దాదాపు కనిపించదు. పొగ రాదు, ఎర్రటి జ్వాల ఉండదు. 1981లో ఇండియనాపొలిస్ 500 కారు పందెంలో ఇంధనం నింపుతుండగా గొట్టం నుంచి మెథనాల్ చిమ్మి అంటుకుంది. డ్రైవర్ రిక్ మియర్స్, ఆయన సిబ్బంది ఒళ్లు కాలుతూ అటూ ఇటూ పరుగెత్తుతుంటే, చూస్తున్నవాళ్లకు మంట ఎక్కడుందో అర్థం కాలేదు. మియర్స్ ముఖానికి కాలిన గాయాలై శస్త్రచికిత్స అవసరమైంది. శిక్షణ పొందిన సిబ్బంది, మంటలార్పే ఏర్పాట్లు ఉన్న చోటే అలా జరిగింది. అలాంటి ఇంధనాన్ని మన మైదానాల్లో సిగరెట్ కాలుస్తున్నవాడి పక్కనే ట్యాంకులో పోస్తున్నారు.

మెథనాల్ ఆవిరి అంటుకోవడానికి పన్నెండు డిగ్రీల లోపు ఉష్ణోగ్రత చాలు. మన దగ్గర శీతాకాలపు మధ్యాహ్నం కూడా అంతకంటే వేడిగానే ఉంటుంది. రామగుండంలో, రెంటచింతలలో వేసవి ఎండలు తెలిసినవారికి మే నెలలో కారు డిక్కీలో ఇంధనం డబ్బా వదిలేస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. ఇంజిన్ ఆపి, చల్లారాక, బ్యాటరీ క్లిప్ దూరంగా పెట్టాకే ట్యాంకు నింపాలి. సైలెన్సర్ చర్మం ఊడేంత వేడిగా ఉంటుందని గుర్తుంచుకోవాలి. షెడ్డులో, తలుపులు మూసిన గదిలో ఇంజిన్ నడపకూడదు, ఇంజిన్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన ఉండదు. పౌడర్ రకం మంటలార్పే సిలిండర్ ఇంధనం నింపే చోటే ఉండాలి. మెథనాల్ నీటిలో కలిసిపోతుంది కాబట్టి ధారాళంగా నీళ్లు పోసినా మంట లొంగుతుంది. పెట్రోల్ మంట మీద మాత్రం నీళ్లు పోయకూడదు, అది నీటిపై తేలి ఇంకా పాకుతుంది. ఎండు గడ్డి ఉన్న బీడు భూముల్లో వేసవిలో ఇంధన విమానాలు ఎగరేయకపోవడమే మంచిది. కూలిన విమానం ఒక్కటే పక్క రైతు గడ్డివాముల దాకా నిప్పు తీసుకెళ్లగలదు.

ప్రేక్షకుల సంగతి మరీ ముఖ్యం. 1979 డిసెంబర్ 9న న్యూయార్క్‌లోని షీ స్టేడియంలో ఫుట్‌బాల్ మ్యాచ్ విరామ సమయంలో మోడల్ విమానాల ప్రదర్శన పెట్టారు. గడ్డి కోసే యంత్రం ఆకారంలో చేసిన మోడల్ ఒకటి అదుపు తప్పి ప్రేక్షకుల మధ్య కూలింది. ఇద్దరికి దెబ్బలు తగిలాయి. వారిలో ఒక యువకుడు కొద్ది రోజులకు ఆస్పత్రిలో చనిపోయాడు. ఎగరేసింది అనుభవం ఉన్న క్లబ్బువారే. చుట్టూ వేల మంది కూర్చున్న చోట ఎగరేయాలనే నిర్ణయంలోనే తప్పుంది.

రెండున్నర కిలోల మోడల్ గంటకు వంద కిలోమీటర్ల వేగంతో మనిషికి తగిలితే, అదే బరువును పదమూడో అంతస్తు నుంచి తల మీద పడేసినంత దెబ్బ. దీన్ని తట్టుకునే పుర్రె ఉండదు. కాబట్టి నాలుగు వైపులా భవనాలు, గ్యాలరీలు ఉన్న కాలేజీ మైదానం ఈ ప్రదర్శనకు తగిన చోటు కాదు. విమానం ఎగిరే వైపు ఒకటే ఉండాలి. పైలట్లు ఒక గీత మీద నిలబడాలి. ప్రేక్షకులు వారి వెనక, తాడు కట్టిన హద్దుకు అవతల ఉండాలి. వారి తలల మీదుగా ఒక్కసారి కూడా విమానం రాకూడదు. ముఖ్య అతిథి ఆలస్యంగా వచ్చాడనో, ఫోటో బాగా రావాలనో ఈ గీతను జరిపితే నిర్వాహకులు తమ పిల్లల ప్రాణాలను పణంగా పెట్టినట్టే.

ఎన్‌సీసీ క్యాడెట్లు ఎక్కువగా నేర్చుకునే కంట్రోల్ లైన్ పద్ధతిలో ప్రమాదం ఇంకో తీరుగా ఉంటుంది. ఇందులో విమానం రెండు సన్నటి ఉక్కు తీగలకు కట్టి ఉంటుంది. మధ్యలో నిలబడి పిడి పట్టుకున్న క్యాడెట్ చుట్టూ అది గిర్రున తిరుగుతుంది. తీగల పొడవు యాభై, అరవై అడుగులు, ఒక్కోసారి డెబ్బై. ఉక్కు తీగ విద్యుత్తును సూటిగా చేతికి తెస్తుంది. మన పొలాల మీదుగా, ఊళ్ల అంచున మైదానాల మీదుగా 11 కేవీ లైన్లు ఎలా వెళ్తున్నాయో అందరికీ తెలుసు. విమానమో తీగో ఆ లైనుకు తగిలితే పిడి వదిలే వ్యవధి కూడా ఉండదు. తీగల పొడవుకు కనీసం రెట్టింపు దూరంలో ఎటువైపూ కరెంటు లైను లేదని కళ్లారా చూశాకే వలయం గీయాలి. ఉరుము వినిపిస్తే ఆపేయాలి. ఎగరేసే ముందు తీగలను గట్టిగా లాగి పరీక్షించాలి. పిడికి మణికట్టు పట్టీ తప్పనిసరి. అది లేకుండా పిడి జారితే విమానం ఎవరి మీదికి వెళ్తుందో చెప్పలేం.

రేడియోతో నడిపేవాటికి మూడు పరీక్షలు చాలు, అయితే ప్రతిసారీ చేయాలి. స్టిక్ కుడికి జరిపితే రెక్కల అంచులు సరైన వైపే కదులుతున్నాయా? సిగ్నల్ బలం తగ్గించి కొన్ని అడుగుల దూరం నడిచి చూస్తే ఇంకా మాట వింటోందా? ట్రాన్స్‌మిటర్ ఆపేస్తే ఇంజిన్ దానంతట అది తగ్గుతోందా? ఈ మూడో పరీక్ష చేసేటప్పుడు విమానాన్ని గట్టిగా పట్టుకోవాలి. సిగ్నల్ పోతే ఇంజిన్‌ను తగ్గించాల్సిన ఏర్పాటు, ఫెయిల్‌సేఫ్, తప్పుగా అమర్చి ఉంటే సిగ్నల్ పోగానే ఇంజిన్ పూర్తి వేగం అందుకోవచ్చు. మరమ్మతు చేసిన తర్వాత అటూ ఇటూ మారిపోయిన వైర్లతో గాల్లోకి లేచిన విమానం మొదటి మలుపులోనే నేలను గుద్దుకుంటుంది.

చట్టం చూసుకుంటుందిలే అనుకోవడం ఇక్కడ పనికిరాదు. 2021 ఆగస్టు 25న వెలువడిన డ్రోన్ నిబంధనలు 25 కిలోల లోపు బరువుండి, చదువు, పరిశోధన, వినోదం కోసం కంటికి కనిపించే దూరంలో ఎగిరేవాటిని మోడల్ విమానాలుగా గుర్తించి, టైప్ సర్టిఫికెట్ నుంచి మినహాయించాయి. గ్రీన్ జోన్‌లో 400 అడుగుల వరకు, విమానాశ్రయం హద్దు నుంచి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగుల వరకు అనుమతి లేకుండా ఎగరేయవచ్చు. అంతకు దగ్గరగా, అంతకు ఎత్తులో అయితే అనుమతి తప్పనిసరి. శంషాబాద్, బేగంపేట, హకీంపేట, దుండిగల్ చుట్టూ ఉన్న హైదరాబాద్ వాసులు, నౌకాదళ విమాన స్థావరం పక్కనే ఉన్న విశాఖ వాసులు ఈ జోన్లను చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్ చూడకుండా విమానం బయటికి తీయకూడదు. ముఖ్యమైన రోజుల్లో రిమోట్‌తో ఎగిరేవాటిని నిషేధిస్తూ పోలీసు కమిషనర్లు ఇచ్చే ఉత్తర్వులనూ గమనించాలి. అయితే ఈ నిబంధనల చూపంతా ఆకాశం మీదే ఉంది. నేల మీద ఇంజిన్ ఎలా స్టార్ట్ చేయాలి, ఇంధనం ఎక్కడ దాచాలి, విద్యార్థిని ఎంత దూరంలో నిలబెట్టాలి అన్న ప్రశ్నలకు జవాబు చెప్పాల్సింది ఆ మైదానం యజమానులే.

ఇన్ని ఆంక్షలు పెడితే పిల్లలకు ఉత్సాహం చచ్చిపోతుందని కొందరంటారు. ఏరోమోడలింగ్ విలువ మాకు తెలుసు. రెక్కకు లిఫ్ట్ ఎలా వస్తుందో, గరిమనాభి అంగుళం వెనక్కి జరిగితే ఏమవుతుందో పుస్తకం కంటే బాగా నేర్పేది ఈ విద్యే. అది బతకాలనే ఈ హెచ్చరిక. అమెరికాలో 1936లో పుట్టిన అకాడమీ ఆఫ్ మోడల్ ఏరోనాటిక్స్ ఈనాటికీ నిలబడి ఉంది. సభ్యులు తమకు తాము భద్రతా నియమావళి రాసుకుని, పాటించని వారిని మైదానం నుంచి పంపేయడానికి వెనకాడకపోవడం అందుకు ఒక ప్రధాన కారణం. ఇక్కడ ఒక్క విద్యార్థి చనిపోతే కాలేజీలన్నీ భయంతో ఏరోమోడలింగ్ బృందాలనే మూసేస్తాయి. అప్పుడు పోయేది ఉత్సాహం ఒక్కటే కాదు, ఆ విద్య మొత్తం.

కాబట్టి ఇంధన ఇంజిన్ నడిపే ప్రతి కాలేజీ, ప్రతి ఎన్‌సీసీ యూనిట్, ప్రతి క్లబ్బు వెంటనే చేయాల్సినవి ఇవి. ఎగరేసే ప్రతి రోజుకూ ఒక భద్రతాధికారిని పేరుతో, రాతపూర్వకంగా నియమించాలి. ఆయన ఆ రోజు ఎగరేయకూడదు, గమనించడమే పని. "ఆపండి" అని ఆయన అంటే ప్రిన్సిపాల్ అయినా, ముఖ్య అతిథి అయినా ఎదురు చెప్పకూడదు. నియమాలు ఒక్క పేజీలో తెలుగులో రాసి మైదానంలో అంటించాలి. మంటలార్పే సిలిండర్, బకెట్లో నీళ్లు, ప్రథమ చికిత్స పెట్టె, దగ్గరి ఆస్పత్రి నంబర్ లేకుండా డబ్బా మూత తీయకూడదు. వేలు తెగితే శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి, చెయ్యి పైకెత్తి ఉంచి ఆస్పత్రికి చేర్చడం, కంట్లో ఇంధనం పడితే పదిహేను నిమిషాలు ధారగా నీళ్లతో కడగడం ప్రతి సభ్యుడికీ ముందే నేర్పాలి. ఇతరులకు దెబ్బ తగిలితే పరిహారం చెల్లించే బీమా తీసుకోవాలి. తల్లిదండ్రులు కూడా మైదానానికి వెళ్లి, భద్రతాధికారి ఎవరని ఒక్క మాట అడగాలి.

ఈ ఏర్పాట్లకు అయ్యే ఖర్చు ఒక మంచి ఇంజిన్ ధర కంటే తక్కువ. చేయగలిగిన వారు ఈ వారమే చేయాలి. చేయలేమనుకునే సంస్థలు ఇంధన ఇంజిన్లను బీరువాలో పెట్టి తాళం వేసి, ఆ తాళంచెవి ప్రిన్సిపాల్ దగ్గర ఉంచాలి. భద్రతాధికారి పేరు కాగితం మీద రాసేదాకా ఏ విద్యార్థీ ప్రొపెల్లర్‌పై చెయ్యి వేయడానికి వీల్లేదు.